ఎర్ర పట్టీ పిల్ల

ఇప్పుడు ప్రతి బడిలోనూ ఊపిరి కొలవడానికంటూ పిల్లల ఛాతీకి పట్టీ కడుతున్నారు. అది ఎర్రగా వెలిగితే ఆటస్థలం గేటు తెరుచుకోదు. నెలలు నిండకుండా పుట్టిన హంసికకు మూడేళ్లుగా ఎరుపే. సిరిసిల్ల మరమగ్గాల్లో పనిచేసే ఆమె తల్లి అనసూర్య ఆ ఉదయం పని మానేసి బడికొచ్చింది.

“సారూ, నా బిడ్డకు ఊపిరి కొంచెం తక్కువనే గని, రోజూ ఉరికితెనే దమ్ము పెరుగుతదని డాక్టరమ్మ చెప్పింది. గేటెందుకు తెరుస్తలేదు?”

వ్యాయామ ఉపాధ్యాయుడు కనకయ్య తల దించుకున్నాడు. “పట్టీ ఊపిరి చూడదమ్మా. ఎన్ని నెలలకు పుట్టిందో అదే చూస్తది.”

“అంటే ఎంత మంచిగైనా ఎరుపేనా? మూడేండ్లు కూసోబెట్టి ఉన్న దమ్ము గూడ తీసిండ్రు. నా బిడ్డ ఉరికినంకనే ఈడికెల్లి కదులుత.”

ఆమె గేటు ముందు కూర్చుంది. చాలాసేపటికి కనకయ్య బల్ల సొరుగులోంచి తాళంచెవి తెచ్చి గేటు తీశాడు. హంసిక పరుగెత్తింది. సగం దూరంలో దగ్గొచ్చి, మోకాళ్లు పట్టుకుని నిలబడి, మళ్లీ పరుగు అందుకుంది.

అనసూర్య కూతుర్ని చూడటం లేదు.

“ఈ తాళంచెవి మూడేండ్లసంది మీ దగ్గరనే ఉన్నదా సారూ?”