కోడలి పిక్కనొప్పి

ఆ రోజుల్లో దూరం వెళ్లినవాళ్ల నొప్పిలో సగం ఇంట్లోవాళ్లు జత కాలిపట్టీల్లో రెండోది కట్టుకుని మోయడం మామూలే. కోడలు లిఖిత నల్లమల మట్టిదారుల్లో ఆరువందల కిలోమీటర్ల సైకిల్ పందెంలో ఉంది. నంద్యాలలో మామ ఓబులేసుకు రెండు రోజులుగా పిక్కలు పట్టేస్తున్నాయి.

మూడో రోజు రొట్టెలు కాలుస్తుండగా నొప్పి ఉన్నట్టుండి ఆగిపోయింది. పిల్ల పడిపోయిందేమో! రొట్టె మాడినా పట్టించుకోకుండా, వంటింటికీ వాకిలికీ మధ్య తిరుగుతూ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. గంటకు పలికింది.

"ఏమైంది తల్లీ?"

"ఏం కాలేదు మామా. ఇక్కడంతా ఎత్తులే. మీ మోకాళ్లు తట్టుకోవని నా పట్టీ తీసేసినా."

"అంతా నువ్వే మోస్తే ఎట్ల చేరుకుంటావు? పెట్టుకో ముందు!"

మరుక్షణం తొడలు భగ్గుమన్నాయి. ఓబులేసు గోడ పట్టుకుని నిలబడి, హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.