చీజ్ బిళ్లలూ నల్ల ప్యాంటూ

"మూడు నెలలు టైమిస్తున్నా. షుగర్ దిగలేదా, ఇక రోజూ ఇంజెక్షనే," అన్నాడు డాక్టరు.

టైలరు ముప్ఫై ఏళ్లుగా సూదితోనే పొట్ట పోసుకుంటున్న మనిషి. ఆ సూది తన ఒంట్లోకి దిగుతుందంటే మాత్రం కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

ఇంటికి రాగానే భార్య రంగంలోకి దిగింది. బ్రెడ్డు, బిస్కెట్లు, బంగాళాదుంపలు డబ్బాలతో సహా పక్కింటికి వెళ్లిపోయాయి. టీలోకి పిండి తగలని చిరుతిండి చేస్తానంది. చీజ్ తురిమి, మిరియాల పొడి కలిపి, కాగితం మీద చెంచాడు చెంచాడు పెట్టి ఓవెన్‌లోకి తోసింది. మొదటి వాయి బొగ్గయింది. రెండోది కాగితాన్ని వదలనంది. టైలరు కాగితంతో సహా నమిలాడు.

"లైనింగు బాగుందే," అన్నాడు.

మూడో వాయికి కుదిరింది. కోటు గుండీల్లా గుండ్రంగా, కరకరలాడుతూ వచ్చాయి. సాయంత్రానికి పది బిళ్లలు, అంతే.

బరువు చూసే మిషను కొందామంది భార్య. అతను ససేమిరా అన్నాడు. మిషను అబద్ధమాడొచ్చు గానీ తను కుట్టిన ప్యాంటు ఆడదన్నాడు. బీరువాలోంచి పాత నల్ల ప్యాంటు తీశాడు. ప్రతి ఆదివారం అది తొడుక్కుని చూపిస్తాడట. అది వదులైతే షుగరూ వదిలినట్టేనట. ఆవిడ సరేనంది.

అతని ఎత్తు అతనిది. కొట్టు పక్కనే బేకరీ. క్రీమ్ బన్ను తినని సాయంత్రం అతని లెక్కలో సాయంత్రమే కాదు. అందుకని శనివారం పొద్దున ఇస్త్రీ వంకతో ప్యాంటును కొట్టుకు పట్టుకుపోయి, వెనక కుట్టు విప్పి పావంగుళం వదిలాడు. మధ్యాహ్నానికి తెచ్చి మళ్లీ బీరువాలో పెట్టేశాడు. బన్ను బన్నే, ప్యాంటు ప్యాంటే.

ఆదివారం తొడుక్కుంటే గుండీ పట్టలేదు.

రెండో శనివారం ఇంకో పావంగుళం వదిలాడు. ఆదివారం ఇంకా బిగిసింది. మూడో శనివారంతో వెనక కుట్టు లోపల మడిచి దాచిన గుడ్డంతా అయిపోయింది. ఆదివారం ఊపిరి బిగబట్టి నిలబడితే, భార్య అతని పొట్టను మోకాలితో అదిమి గుండీ లాగింది.

"చీజ్ మీకు పనిచేస్తున్నట్టు లేదండీ. సూదికి మెల్లగా అలవాటు పడండి," అంది.

టైలరు లెక్కేసుకున్నాడు. కుట్టు వదిలేకొద్దీ తను అంతకన్నా జోరుగా ఊరిపోతున్నాడన్నమాట.

మర్నాటి నుంచి బేకరీ ముందు నడవడం మానేసి సందు చుట్టి కొట్టుకెళ్లాడు. బేకరీవాడు ఎదురుపడి "ఏం మామా, మా మీద అలిగావా" అన్నా ముఖం తిప్పుకున్నాడు. చీజ్ పని కూడా భార్య చేతిలోంచి లాక్కున్నాడు. తురుము మీద పాలకూర సన్నగా తరిగి వేశాడు. నువ్వులు అద్దాడు. ఒక్కో బిళ్లనూ టేపుతో కొలిచాడు. రెండంగుళాలు దాటితే అంచు కత్తిరించేవాడు. ఆ కత్తిరింపులు కూడా తినలేదు, పిచ్చుకలకు వేశాడు.

ప్యాంటు మాత్రం వదులవలేదు. ఆదివారం వచ్చిందంటే మోకాలే.

మూడు నెలలు నిండాయి. డాక్టరు రక్తపరీక్ష కాగితాలు రెండుసార్లు తిరగేశాడు. షుగరు మామూలుకొచ్చిందన్నాడు. బరువు తొమ్మిది కిలోలు తగ్గిందన్నాడు. సూది మాటే అక్కర్లేదన్నాడు.

"మీ మిషను పాడైనట్టుందండీ. నా ప్యాంటు ఒప్పుకోవడం లేదు," అన్నాడు టైలరు.

డాక్టరు నవ్వి పంపించేశాడు. టైలరుకు నవ్వు రాలేదు. నేరుగా ఇంటికెళ్లి ప్యాంటు చంకన పెట్టుకుని కొట్టుకొచ్చాడు. బల్ల మీద పరిచి లోపలిది పైకి తిప్పాడు. వెనక కుట్టు తను వదిలినంతా వదిలినట్టే ఉంది. పక్క కుట్లలో వదలడానికి గుడ్డ ఉండదు గనక ఇన్నాళ్లూ అటు చూడనే లేదు. ఇప్పుడు చూశాడు.

రెండు పక్కలా, ఆదివారానికో వరస చొప్పున లోపలికి జరుగుతూ, పెళ్లయిన కొత్తలో భార్యకు తను చేయి పట్టుకుని నేర్పిన చేతికుట్టు పన్నెండు వరసలుగా ఉంది.