మంగళవారం మట్టి

ఒక్క మంగళవారమే మట్టిలో సీసం ఎక్కువొస్తోంది. అదే సీసా, అదే మట్టి. మిగతా రోజుల్లో బుద్ధిగానే ఉంటుంది.

ఉమాపతికి ఒళ్ళు మండిపోయింది. గోదావరి సముద్రంలో కలిసేచోట బురదలో దిగి మూడేళ్ళు పోగేసిన మట్టి అది. అందులో సీసమెంతో తేల్చి ఉగాదిలోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. అంకెలు కుదరందే ప్రొఫెసర్ పార్థసారథి సంతకం పెట్టరు.

పని చూస్తే తేలికే. మట్టిని ఎండబెట్టి, వేళ్ళతో నలిపి, తూచి, యాసిడ్‌లో కాచి, కుళ్ళిన గుడ్ల వాసనొచ్చే గ్యాస్ పట్టించాలి. ఎంత నల్లబడితే అంత సీసం.

ఎవరో కలుపుతున్నారు. ఎవరో ఏమిటి, దానయ్యే! సీసాలు కడిగేది ఆ అటెండరే, తాళాలు ఉండేదీ అతని దగ్గరే. పైగా అది అరవై ఎనిమిదో సంవత్సరం. క్యాంపస్‌లో ఆంధ్రావాళ్ళు, ఇక్కడివాళ్ళు అంటూ గుసగుసలు మొదలయ్యాయి. కాకినాడవాడైన తను డాక్టరయితే ఇతనికి కడుపుమంట కాదూ?

సోమవారం సాయంత్రం ఉమాపతి సీసాలన్నీ బీరువాలో పెట్టి, కొత్త తాళం వేసి, లక్కముద్ర కొట్టాడు.

"గా ముద్ర ఎందుకు సారూ?" అన్నాడు దానయ్య.

"నీకెందుకు?"

మంగళవారం తెల్లారగానే తార్నాకలో తన గది పక్కనున్న ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టి, దొంగ దొరికితే కొబ్బరికాయ కొడతానని మొక్కుకున్నాడు. నేరుగా ల్యాబ్‌కొచ్చాడు. ముద్ర చెక్కుచెదరలేదు. చెంచా దానయ్య కడిగిందే కదా అని దాన్ని కూడా ముట్టుకోలేదు. మట్టిని స్వయంగా వేళ్ళతోనే తీశాడు.

సీసం ఈసారి అన్ని మంగళవారాలకన్నా ఎక్కువొచ్చింది.

ఇంకా ఊరుకుంటాడా? వెళ్ళి ప్రొఫెసర్ బల్ల మీద ఫిర్యాదు పెట్టేశాడు. దొంగతాళంచెవి, దొంగముద్ర చేయించి ఉంటాడన్నాడు. పనిలోంచి తీసేస్తేగాని ల్యాబ్‌లో అడుగుపెట్టనన్నాడు.

దానయ్యను పిలిపించారు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇరవై ఏండ్ల నౌకరి సారూ. మీ మట్టి జోలికి నేనెందుకు పోత? బుడ్లు కడుగుడు తప్ప నాకేం ఎరుక?"

"నటన సార్," అన్నాడు ఉమాపతి.

పార్థసారథి కలం మూత తీశారు. మళ్ళీ పెట్టేశారు. "మంగళవారమే ఎందుకయ్యా?" అని తనలో తాను గొణుక్కుంటూ ఇద్దర్నీ ల్యాబ్‌లోకి తీసుకెళ్ళారు. తడిదూదితో దానయ్య అరచేతులు, గోళ్ళ సందులు గట్టిగా తుడిచి, ఆ దూదిని గ్యాస్ గొట్టం ముందు పట్టారు. ముక్కులదిరే వాసన. దూది తెల్లగానే ఉంది.

"కడుక్కుని వచ్చుంటాడు సార్," అన్నాడు ఉమాపతి కసిగా.

ప్రొఫెసర్ ఇంకో దూది తీసుకుని, వారం వారం గుళ్ళో ఉమాపతి తన వేలితో దిద్దుకొచ్చే ఆంజనేయస్వామి సిందూరాన్ని అతని నుదుటి మీంచి తుడిచి గొట్టం ముందు పట్టేసరికి, ఆ ఎర్రటి దూది దానయ్య కళ్ళెదుటే నల్లగా మాడిపోయింది.