టమాటా మడిలో బంతినారు

మేస్త్రీ మళ్ళీ మండిపడ్డాడు.

టమాటా మొక్కల మధ్య ఎవరో బంతినారు నాటి వెళ్ళారు. మొన్న పీకాడు. నిన్నా పీకాడు. ఈవేళ మళ్ళీ ప్రత్యక్షం!

బతుకంతా ఇళ్ళలో టైల్స్ పరిచిన మనిషి. వెంట్రుకంత తేడా వచ్చినా పగలగొట్టి మళ్ళీ పరిచే రకం. అందుకే తోటి పనివాళ్ళు ఆయనకు నేల చదును చూసే పనిముట్టు పేరు, ‘రసమట్టం’ అని పెట్టారు. మడిలోనూ అదే తీరు. దారం కట్టి మరీ టమాటా ఒక వరస, చిక్కుడు ఒక వరస, చిక్కుడును ఆనుకుని అంచులా ఉల్లి. ఒక్క మొక్క గీత దాటినా ఆయనకు ముద్ద దిగదు.

పార్కు వెనక జాగాలో జనం కూరగాయలు పండించుకునే మడులవి. పంట పోతే మడి పోతుంది, వెయిటింగులో ఉన్నవాళ్ళకు ఇచ్చేస్తారు. పోయినసారి ఆయన పంటంతా పురుగు పాలైంది. అయినా ఆఫీసువాళ్ళు ఇంకో పంటకు గడువిచ్చారు. తన మొహం చూసి ఇచ్చారని ఆయన నమ్మకం. ఇదే ఆఖరు.

మడి నిజానికి ఆయన భార్యది. ఆమె పోయాక చీరలూ గిన్నెలూ కూతురు ఎవరెవరికో ఇచ్చేసింది. ఆమె చెయ్యి తగిలినదంటూ మిగిలింది ఈ మట్టి ఒక్కటే. ఇదీ పోతే పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలో ఆయనకు తెలియదు.

మర్నాడు తెల్లవారకుండానే వచ్చి కాపు కాశాడు. సంచీ భుజాన వేసుకుని ఒకావిడ వచ్చి మడిలో కూర్చుంది.

“ఏమ్మా! ఇది నీ మడా?”

“కాదండీ అన్నయ్యగారూ.”

“నేను నీకు అన్నయ్యనెప్పుడయ్యాను? ముందు చెయ్యి తియ్యి!”

ఆవిడ తియ్యలేదు. నారు మొదట్లో మట్టి అదుముతూనే చెప్పింది.

“పురుగు ముందు బంతిపువ్వుకే ఆశపడుతుందండీ. మన కాయ దక్కుతుంది. ఆ ఉల్లిని కూడా తెచ్చి టమాటా పక్కన పెట్టండి. ఉల్లీ చిక్కుడూ పడని తోడికోడళ్ళు, ఒక వంటింట్లో ఇమడవు.”

“నా వరస చెడగొట్టి పైగా పాఠాలా?”

“వరస ముచ్చటగానే ఉంది. కాయ కూడా ఉండాలి కదండీ.”

ఆ మాటకు ఆయనకు ఒళ్ళు మండిపోయింది. తిన్నగా గేటు దగ్గరికి వెళ్ళి వాచ్‌మన్‌ను పట్టుకున్నాడు.

“మడి లేని మనిషిని లోపలికెలా రానిస్తున్నావయ్యా?”

“పాపం, మొక్కలంటే ఇష్టమని...”

“ఇష్టమైతే కుండీలో పెంచుకోమను! అసలే నా మడి ఎప్పుడు ఎండుతుందా అని వెయిటింగులో ఎవడో గోతికాడ నక్కలా కూర్చున్నాడు. వాడు చాలడని ఈవిడొకతె!”

వెనకే వస్తున్న ఆవిడకు అంతా వినపడింది. సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది.

మరుసటి రోజు వాచ్‌మన్ ఆవిడను గేటు దగ్గరే ఆపేశాడు.

“బంతి మాత్రం పీకకండి అన్నయ్యగారూ! పూత సమయం!” అని బయటి నుంచే కేకేసింది.

ఆవిడ చూస్తుండగానే ఆయన ఒక్కొక్కటీ పీకి గట్టు మీదికి విసిరేశాడు.

మడి మళ్ళీ గీత గీసినట్టు అయింది. ఆయన ప్రాణం కుదుటపడింది, కొన్నాళ్ళపాటు.

ఆ తర్వాత ఒక పొద్దున ఎర్రబడుతున్న కాయను తిప్పి చూస్తే బెజ్జం. పక్క కాయకూ బెజ్జం. చిక్కుడు ఎదగక ముడుచుకుపోయింది. మందు చల్లాడు, బూడిద చల్లాడు, తిట్లు కూడా చల్లాడు. పురుగు దేనికీ లొంగలేదు.

భార్య మీద కూడా కోపమొచ్చింది. ఇన్నేళ్ళూ ఎలా పండించావో ఒక్క ముక్కయినా చెప్పి పోకూడదా అని మట్టితో పోట్లాడాడు. ఆయన ఎప్పుడైనా అడిగితే కదా ఆమె చెప్పేది! అది గుర్తొచ్చి మరింత ఉడుక్కున్నాడు.

చివరికి తోట సూపర్‌వైజర్ వచ్చాడు. ఒక టమాటా కోసి విరిచాడు. లోపల పురుగు మెదిలింది.

“మడి ఖాళీ చెయ్యాలి మేస్త్రీగారూ.”

“ఇంకొక్క పంట చూడండి. మా ఆవిడ మడండీ ఇది...”

“తెలుసండీ. ఇక నా చేతుల్లో లేదు.”

ఏం చెయ్యాలో తోచక మేస్త్రీ అటూ ఇటూ చూశాడు. గేటు బయట ఆవిడ నిలబడి ఉంది. అదే సంచీ. ఆయన కోపమంతా అటు తిరిగింది.

“మళ్ళీ వచ్చిందా? నా మడి పోతుంటే వేడుక చూడ్డానికా? ముందు ఆవిణ్ణి ఇక్కణ్ణుంచి పంపించండి!”

సూపర్‌వైజర్ చేతిలోని టమాటా గట్టు మీద పెట్టాడు.

“ఎలా పంపిస్తానండీ? రేపట్నుంచి ఈ మడి ఆవిడదే. పోయినసారే ఆవిడ చేతికి రావాల్సింది, ‘అది ఆయన భార్య మడి, ఇంకో పంట ఆగుదాం, నేను పొద్దున్నే వెళ్ళి చెయ్యి సాయం చేస్తాను’ అని మీకు గడువు అడిగింది కూడా ఆవిడే.”