సగమైన కొండ

“దారి ఖరారైంది” అని ఇంటి విమానం కబురు చెప్పగానే మృణాళిని కజ్జికాయల డబ్బాతో గిర్రున తిరిగింది. పెళ్లయ్యాక మొదటిసారి పుట్టింటికి, పాడేరుకి పావుగంటే!

విమానం తెర మీద దారి పటం చూడగానే డబ్బా కింద పెట్టేసింది. చిన్నప్పుడు ఆయాసపడుతూ ఎక్కిన కొండ అందులో సగమే ఉంది.

“ఓపెన్ సోర్సే కదా, ఎవరైనా దిద్దొచ్చు. విమానం కొండ చుట్టూ తిప్పుతోందని పటంలో దాని ఎత్తు నేనే తగ్గించాను,” అన్నాడు భర్త శ్రీకర్ సిగ్గుపడుతూ. “నువ్వు త్వరగా మీ అమ్మని చూస్తావని.”

పటం అడుగున ఇంకో వరుస కనిపించింది. రేపు ఉదయానికి అదే దారిని పదకొండు ఇళ్లవాళ్లు అప్పుడే తమ విమానాల్లోకి దింపుకున్నారు. పటం దిద్దినా, దింపుకున్న దారి ఇక మారదు. పొద్దుటి మంచులో కొండ కనబడదు, విమానాలు నేరుగా దానికే గుద్దుకుంటాయి.

“ముందు కొండని మళ్లీ లేపండి,” అంది. “రేపు తెల్లారకముందే ఆ పదకొండు తలుపులూ మనమే కొడదాం.”