నడిమి చోటు

కోచ్ గారు మోకాళ్ళ మీద కూర్చుని, జట్టంతా పిడుగు అని పిలిచే కొత్త కుర్రాడి చీలమండకు ఐసు ముక్కలు అద్దుతున్నారు.

“ఇక్కడేనా నొప్పి? మెల్లగా కదుపు. ఆఁ, అలా.”

బల్లకు అవతల, ఎద్దు అని మారుపేరున్న పాత ఆటగాడి కనుబొమ్మ చీరుకుపోయి రక్తం కారుతోంది. దూది తనే అదుముకుంటున్నాడు. కోచ్ గారు ఒక్కసారి అటు చూసి, “డాక్టరున్నాడుగా, వెళ్ళి కుట్లు వేయించుకో,” అని మళ్ళీ ఆ కాలి మీద పడ్డారు.

ఎద్దుకి ఒళ్ళు మండిపోయింది. ఒక కాలు బెణికితే ఇంత సేవా?

రగ్బీలో స్క్రమ్ అని ఒకటుంటుంది. జట్టులోని పదిహేనుమందిలో ఎనిమిదిమంది తలలు వంచి, ఒకరినొకరు గట్టిగా పట్టుకుని, అవతలి ఎనిమిదిమందిని తోస్తారు. ముందు వరసలో నడిమి చోటు ఎద్దుది. పక్కనున్న ఇద్దరి భుజాలకు వేలాడుతూ, మధ్యకు దొర్లిన బంతిని కాలితో వెనక్కి లాగాలి. ఆ చోటు కోసం అతను ఏళ్ళ తరబడి బెంచీ అరగదీశాడు. క్లబ్ పెద్దలే ఆడించమన్నా, కోచ్ గారు “ఇంకా పండలేదు” అని అడ్డుపడ్డారు. మరి ఈ పిడుగు? నిన్నగాక మొన్న వచ్చాడు, అప్పుడే అదే చోటుకి గురిపెట్టాడు.

“కొత్తొక వింత, పాతొక రోత,” అన్నాడు తాత. మనవలున్న తాత కాదు, జట్టులో అందరికంటే పెద్దవాడు, అంతే. “సొంత కొడుకునైనా ఇంత ముద్దు చేస్తారట్రా మన కోచ్ గారు?”

గదంతా ఘొల్లుమంది. ఎద్దు అందరికంటే గట్టిగా నవ్వాడు. నవ్వేసరికి కనుబొమ్మ ఇంకాస్త చీలింది.

కోచ్ గారికో పద్ధతుంది. చోటున్నవాడే, ఆ చోటు కావాలన్నవాడికి పని నేర్పాలి. అలా నేర్పుకుంటేనే పదిహేనుమంది ఒక జట్టవుతారని ఆయన నమ్మకం. కాబట్టి రోజూ పొద్దున్నే తన గొయ్యి తనే తవ్వుకోవడం ఎద్దు పని.

“అన్నా, నిన్న నేను తొందరపడి వంగానా?” అన్నాడు పిడుగు.

“నన్నడుగుతావేం? మీ కోచ్ గారున్నారుగా.”

“ఆయనే నిన్నడగమన్నారన్నా. వాడికి తెలిసినంత నాకు కూడా తెలీదన్నారు.”

“చాల్చాల్లే. కాకాపట్టకు.”

ఎద్దు నమ్మలేదు. ఎదురుగా ఒక్క మంచి మాట అనని మనిషి చాటున అంటాడా?

అయినా అన్నీ నేర్పాడు. ఒక్కటి తప్ప. భుజాలు పట్టుకున్నాక పక్కవాళ్ళిద్దరి ఊపిరీ వినాలి. ఇద్దరూ ఒకేసారి వదిలాకే ముందుకు దూకాలి. లేదంటే వరస కుప్పకూలుతుంది. అది ఎవరూ చెప్పలేదతనికి, తనే కనిపెట్టాడు. అది కూడా ఇచ్చేస్తే ఇక తన దగ్గర మిగిలేదేమిటి, బూడిద?

ఫైనల్ ముందు రోజు సాధనలో కోచ్ గారు పిడుగుని అసలు జట్టు నడుమ నిలబెట్టారు. ఎద్దుని ఎదుటి జట్టులోకి తోశారు.

మొదటి స్క్రమ్ కూలింది. ఎద్దు లోపల్లోపల మురిసిపోయాడు. రెండోదీ కూలింది. ఈసారి పిడుగు అడుగున పడి లేవలేదు.

అడుగున పడ్డవాడి మెడ విరగొచ్చని ఎద్దుకి తెలుసు. కుళ్ళు కుళ్ళే, మెడ మెడే. మీదున్నవాళ్ళను చేతికందినట్టు లాగిపారేసి వాణ్ణి బయటకు తీశాడు.

పిడుగు మట్టి ఉమ్ముతూ కూర్చున్నాడు. “ఏం కాలేదన్నా. నాదే తప్పు. నువ్వు చెప్పింది సరిగ్గా విని ఉండను.”

ఆ మాటతో ఎద్దుకి సిగ్గు ముంచుకొచ్చింది.

“నీ తప్పు కాదురా. నేనే చెప్పలేదు.” అందరూ వింటుండగానే అన్నాడు. “కావాలనే చెప్పలేదు. లే. పట్టు బిగించాక కళ్ళు మూసుకుని పక్కవాళ్ళ ఊపిరి విను. తాతది పెద్ద కష్టం కాదులే, పక్క వీధిక్కూడా వినిపిస్తుంది. ఇద్దరూ వదిలాకే దూకు.”

మూడో స్క్రమ్‌లో ఎనిమిదిమందీ ఒక్క మనిషిలా కదిలారు. ఎద్దు వెనక్కి జారిపోయాడు. బూట్ల కింద గడ్డి చాళ్ళు చాళ్ళుగా లేచింది.

సాయంత్రం కోచ్ గారు జట్టు చెప్పారు. “నడుమ, పిడుగు.”

ఎవరూ ఎద్దు మొహం చూడలేదు. వెళ్ళేటప్పుడు తాత మాత్రం చెవిలో గొణిగాడు. “పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా! మేమంటే అడగలేం. నువ్వు నిలదీయొచ్చుగా?”

“నేనసలు అడగలేను,” అన్నాడు ఎద్దు.

గదిలో ఇద్దరే మిగిలారు. కోచ్ గారు బంతులు సంచిలో వేస్తున్నారు.

“ఆ కిటుకు చెప్పకుండా ఉంటే రేపు నువ్వే ఆడేవాడివి.”

“తెలుసండీ.”

“మరెందుకు చెప్పావు?”

“మెడ విరిగి చస్తాడేమోనని. అంతేగానీ నా కుళ్ళు పోయిందనుకోకండి. ఇప్పటికీ మీరు వాడి వంక చూసి నవ్వితే నాకు కడుపు మండిపోతుంది.”

కోచ్ గారు చేతిలోని బంతి పక్కన పెట్టారు. దగ్గరకు వచ్చి, ఆ గదిలో మొదటిసారి అతని భుజం మీద చెయ్యి వేశారు.

“నీ విషయంలో ఎక్కడ మొగ్గు చూపుతానోనని భయపడి భయపడి, అసలు చూడ్డమే మానేశాను. ఇవాళ చూశాను. శభాష్.”

ఆ ఒక్క మాట కోసం ఎన్నేళ్ళు ఎదురుచూశాడో ఎద్దుకే తెలుసు. కళ్ళు తుడుచుకుని సంచి భుజాన వేసుకున్నాడు.

“ఇంకేమైనా అడగాలనుందా?” అన్నారు కోచ్ గారు.

“అమ్మకి మాత్రం నువ్వే చెప్పు, నాన్నా.”