నలభై ఒకటో నంబరు

"ఆ నలభై ఒకటో నంబరు వాడికి బుద్ధుందా అసలు!"

డాక్టర్ శ్యామసుందరి అరుపుకి ల్యాప్‌టాప్ తెర మీద గీతిక ఉలిక్కిపడింది. శనివారం మధ్యాహ్నం. శ్యామసుందరి మెల్‌బోర్న్ శివార్లలో, క్రెయిగీబర్న్‌లో తన ఇంట్లో ఉంది. నెల కిందటే ఉద్యోగంలో చేరిన గీతిక క్లినిక్‌లో ఒక్కతే కూర్చుని ఉంది.

కోపం రాదా మరి? గుండె జబ్బుల మీదా కిడ్నీ జబ్బుల మీదా శ్యామసుందరి పేరుతో ఇప్పటికి నలభై తొమ్మిది పేపర్లు అచ్చయ్యాయి. ఇది యాభయ్యోది. మెల్‌బోర్న్‌లో ఉన్న తెలుగువాళ్ళు నూట ఇరవై మందికి రెండేసిసార్లు రక్తపరీక్షలు చేస్తానని మొదట్లోనే రాసిచ్చింది. మొదటిసారి నర్సు చేసింది. రెండోసారి ఒక్కొక్కరినీ పేరడక్కుండా, నంబరుతోనే పిలిచి శ్యామసుందరే కూర్చోబెట్టి చూసింది. నూట పంతొమ్మిది మంది వచ్చారు. ఈ ఒక్కడూ రాలేదు. సోమవారంలోగా రాకపోతే పేపరూ లేదు, దాన్ని నమ్ముకున్న ప్రొఫెసర్ పోస్టూ లేదు.

"పరీక్షకి రావడానికేం మాయరోగం? రక్తమే కదా అడిగాం, ఆస్తి అడిగామా?"

భర్త కోటేశ్వరరావు టీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఇక్కడి ఫిబ్రవరి ఎండ మాడ్చేస్తున్నా మేజోళ్ళు విప్పడు. అదేమంటే టైల్స్ చల్లగా ఉన్నాయంటాడు.

"మెల్లగా అరువు తల్లీ, పక్కింటివాళ్ళు పోలీసుల్ని పిలుస్తారు."

"నువ్వు మాట్లాడకు! తెలుగువాళ్ళ పిక్నిక్‌లో జనాన్ని బతిమాలి బతిమాలి చేర్పించావుగా, వీడూ ఆ బ్యాచేగా! మంచివాళ్ళనే పట్టుకొచ్చావ్!"

అతను నవ్వేసి వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

"వాడి మొదటి రిపోర్ట్ చదువు."

"కిడ్నీలు ముప్పై శాతమే పనిచేస్తున్నాయి మేడమ్. ఆయనకి అప్పుడే లెటర్ పంపారు, ఫోన్‌లో కూడా చెప్పారు."

"అది తెలిసీ రాలేదా!"

"తనొస్తే ఎవరో తెలిసిపోయి ఒకరి కష్టం వృథా అయిపోతుందన్నారట. ఫైల్లో రాసుంది."

"అబ్బో, త్యాగమూర్తి! ఇంకా ఏం సెలవిచ్చాడు?"

"వీకెండ్‌లో మాత్రం ఫోన్ చెయ్యొద్దన్నారు. ఇంట్లో తెలియకూడదట."

శ్యామసుందరి బల్ల గుద్దింది. టీ తొణికి కాగితాల మీద పడింది.

"పెళ్ళానికి చెప్పలేదా! సరే, వాడు చెప్పడు. ఆవిడకేమైంది? పాదాలు వాచుంటాయి, అన్నం సయించదు, రాత్రికి నాలుగుసార్లు లేస్తుంటాడు. ఒకే కప్పు కింద ఉంటూ మొగుడి కాళ్ళకేసి చూడదా? కళ్ళెక్కడ పెట్టుకుందట మహాతల్లి?"

"జాబ్‌లో బిజీగా ఉంటారేమో మేడమ్..."

"ఏం బిజీ? దేశాన్నేమైనా ఉద్ధరిస్తోందా? అలాంటిదాన్ని నా ఎదురుగా నిలబెట్టు, నాలుగు దులిపేస్తాను!"

శ్యామసుందరి ఆయాసపడుతూ కుర్చీలో వెనక్కి వాలింది. ముప్పై శాతం ఎన్నాళ్ళు ముప్పై శాతంగా ఉంటుందో ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? మొదటి పరీక్ష జరిగి అప్పుడే ఏడు నెలలైంది.

"ఫోన్ చెయ్ వాడికి. ఇప్పుడే, స్పీకర్‌లో పెట్టి."

"రూల్ ఒప్పుకోదు మేడమ్. మీరు నంబర్లే చూడాలి, పేర్లు తెలియకూడదు."

"వాడి పేరు నాకెందుకు? కూర్చుని జపం చేస్తానా? నువ్వు పేరు పలక్కు, నేను మాట్లాడతాను."

"పేపర్‌కి ప్రాబ్లమ్ అవుతుందేమో..."

"పేపర్ గంగలో కలవనీ! మనిషి చచ్చిపోతాడే పిచ్చిమొహమా! ముందు వాణ్ణి ఆస్పత్రిలో పడెయ్యాలి. ఆ తర్వాత వాడి పెళ్ళాం పని చెప్తాను. చెయ్!"

గీతిక భయపడుతూనే నంబరు నొక్కింది. స్పీకర్‌లో రింగు మొదలైంది.

వంటింట్లో కోటేశ్వరరావు ఫోను మోగింది.